పైచెక్క మీద గీత

ఫిబ్రవరి 11

ఇరవై ఆరేళ్లుగా వయొలిన్లు బాగు చేస్తున్నాను. టికెట్టు తీసుకుని కచేరీకి వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. వాయించేవాళ్లు నా కొట్టుకే వస్తారు, బిరడాలు తిప్పి శ్రుతి చూసుకుంటూ నాలుగు ముక్కలు వాయిస్తారు, నాకు అదే చాలనుకునేవాణ్ని.

ఇవాళ టౌన్ హాల్లో వయొలినమ్మ కచేరీ. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా ఒకటే వాయిద్యం, ఇరవై ఏళ్లుగా నా దగ్గరికే వస్తుంది. మూడో వరసలో, నడవా పక్కన కూర్చున్నాను. చాలా బాగుంది. మనిషన్నాక ఒక అభిరుచి ఉండాలి కదా, ఈ ఏడాది వినబోయే కచేరీలన్నీ రాసుకుందామని వచ్చేటప్పుడు ఈ నోటుబుక్కు కొన్నాను.

"ఏం వాయించింది?" అని మా ఆవిడ అడిగింది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "చాలా వాయించింది" అన్నాను.

"రెండు గంటలు కూర్చుని ఏం విన్నారండీ మరి?"

ఫిబ్రవరి 12

దీన్ని నేను తప్ప ఇంకెవరూ చదవరు. ఉన్నదున్నట్టు రాసుకుంటే పోయేదేమీ లేదు.

వయొలిన్ పొట్టలో పెన్సిలు కన్నా సన్నటి పుల్ల ఒకటి ఉంటుంది. పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య, జిగురు లేకుండా, రెండిటి ఒత్తిడి మీదే నిలబడుతుంది. వయొలినమ్మ వాయిద్యంలో అది వదులైంది. కొత్తది వెయ్యమని కిందటి వారం ఇచ్చింది. చెక్కాను. వెంట్రుకవాసి పొడుగు వచ్చింది. బయటికి తీసి, మళ్లీ గీకి, మళ్లీ పెట్టాలి. ఎన్ని వందల పుల్లలు చెక్కానో నాకే లెక్క లేదు, మళ్లీ తియ్యడమేమిటి, కాస్త నెడితే అదే కూర్చుంటుందిలే అనుకున్నాను. నెట్టాను. టిక్కుమంది.

కొత్తగా పని నేర్చుకునేవాడు ఈ తప్పు చెయ్యడు. వాడికి భయం ఉంటుంది, పదిసార్లైనా తీసి గీకుతాడు. చెయ్యి తిరిగినవాడే చేస్తాడు.

పైచెక్క పగిలి దాని మీద గీత పడింది, నా చిటికెన వేలంత. దాన్ని సరిగ్గా బాగు చెయ్యాలంటే పైచెక్క ఊడదీసి, లోపలి వైపు నుంచి కొత్త చెక్క అతికి, మళ్లీ మూయాలి. మూడు వారాల పని. కచేరీకి నాలుగు రోజులే ఉంది. పైనుంచే వేడి జిగురు ఎక్కించి, బిగించి, వార్నీషు అద్దాను. భూతద్దం పెట్టినా కనపడదు. గీత మీద బరువు పడకుండా పుల్లని ఒక బియ్యపు గింజంత పక్కకి జరిపి నిలబెట్టాను. ఆవిడ వచ్చి నాలుగు ముక్కలు వాయించి, కాస్త తల పక్కకి వంచి విని, "సరే మేస్త్రీ" అని తీసుకెళ్లిపోయింది.

చెప్పలేదు. కచేరీ ముందు పెట్టుకుని గాభరా పెట్టడం దేనికి? అది కాస్తా అయిపోయాక చెబుదామనుకున్నాను.

ఫిబ్రవరి 13

కచేరీ అయిపోయింది. గీత నిలిచింది. నిలిచినదాని గురించి చెప్పడానికి ఏముంది?

మార్చి 8

రెండో కచేరీ. పెద్ద పార్కులో, నాలుగింటి ఎండలో. గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని జనం, వాళ్ల పిల్లలు, ఒక కుక్క. వేదిక మీద కప్పు లేదు. ఎండకి జిగురు మెత్తబడుతుందని అంత జనంలో నాకొక్కడికే తెలుసు.

మొదటి అంశం సగంలో ఉండగా ఇక ఆగలేకపోయాను. పక్కన కూర్చున్న పెద్దాయన గొడుగు అడిగి తీసుకుని, వేదిక పక్క మెట్లెక్కి, ఆవిడకి పట్టాను. ముప్పావు గంట పట్టాను. చెయ్యి లాగేసింది. జనం చప్పట్లు కొట్టారు. దిగేటప్పుడు ఆవిడ నా భుజం తట్టి, "నా జన్మలో ఇలాంటి శ్రోతని చూడలేదు మేస్త్రీ" అంది. నాకు సంతోషం వేసింది. ఆ సంగతి కూడా రాసుకోవాలి, నిజంగానే వేసింది.

మార్చి 10

పేపర్లో ఫోటో పడింది. మా బావమరిది టౌన్ హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం చేస్తాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని ఊడిపడ్డాడు.

"బావా, నువ్వు ఫేమస్ అయిపోయావు!"

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఫోటో మీదికి వంగి చాలాసేపు చూసింది. "గొడుగంతా వయొలిన్ మీదే ఉందే. పాపం ఆవిడ ఎండలోనే నిలబడింది."

"అదీ గౌరవం అంటే. మనిషికి కాదు అక్కా, సంగీతానికి!" అన్నాడు బావమరిది. వాడి వల్ల ఇంత మేలు జరగడం ఇదే మొదలు.

మార్చి 29

కచేరీ, కాలేజీ ఆడిటోరియంలో. చల్లగా ఉంది. మంచిది.

ఏప్రిల్ 19

మధ్యాహ్నం వయొలినమ్మ కొట్టుకి వచ్చింది. కచేరీ లేని రోజున, కబురు చెయ్యకుండా ఎప్పుడూ రాదు. పెట్టె బల్ల మీద పెట్టి, తెరవకుండా, మూత మీద చేతులు వేసి కూర్చుంది.

"మేస్త్రీ, లావు తీగ మీద ఒక స్వరం మూగబోతోంది. ఒకటే. చుట్టుపక్కలవి బాగానే ఉన్నాయి. దాని దగ్గరికొచ్చేసరికి ఎవరో నోటికి అడ్డంగా చెయ్యి పెట్టినట్టు ఉంటోంది. నీ దగ్గర దాచడమెందుకు, రెండు నెలలుగా ఇదే. వాయిద్యంలో ఏమైనా ఉందేమో చూడు."

చూశాను. అంటే, చూస్తున్నట్టు తిప్పాను. పుల్ల ఎక్కడుందో అక్కడే ఉంది, నేను జరిపిన చోట. తిరిగి అసలు చోటికి జరిపితే స్వరం వస్తుంది, గీతా విచ్చుకుంటుంది. దీపం పెట్టి రంధ్రంలోంచి లోపలికి చూశాను, తీగల్ని మోసే బ్రిడ్జి సరిచూశాను, తీగలు తుడిచాను. పావుగంట గడిచింది.

"వయొలిన్ బాగానే ఉందమ్మా" అన్నాను.

"నిజంగానా?"

"మీకు అబద్ధం చెబుతానా?"

ఆవిడ తన ఎడమ చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే ఇదేనంటావు."

నేనేమీ అనలేదు. చెయ్యి బాగాలేదని నా నోటితో అనలేదు.

ఏప్రిల్ 20

అనలేదు.

మే 17

బావమరిది రెండు పాసులు ఇచ్చాడు. వయొలినమ్మది కాదు, గాయక బృందం. నలభై మంది ఆడామగా, ఒక్క వాయిద్యం లేదు. మా ఆవిడని తీసుకెళ్లాను. కొత్త చీర కట్టుకుంది, దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.

వేదిక మీద ఒక్క చెక్కముక్క లేదు. పగలడానికి ఏమీ లేదు. మొదట ఒక ఆవిడ పలచటి గొంతుతో ఎత్తుకుంది, తర్వాత మగవాళ్లు కింద నుంచి వచ్చి కలిశారు, ఆ తర్వాత అందరూ. నేను కూర్చున్న కుర్చీ వణికింది. ఎప్పుడు మొదలైందో తెలియదు, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. మా ఆవిడ చూసి కొంగు అందించింది. ఈ ఏడాది నేను సంగీతం విన్నది ఇవాళ. ఇంతకు ముందు వెళ్లినవన్నీ ఏమిటో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "వయొలినమ్మ కచేరీ నుంచి వచ్చినప్పుడు ఇలా ఉండరు మీరు. పరీక్ష రాసి వచ్చినట్టు ఉంటారు" అంది.

జూన్ 22

వానలు. గాలిలో తేమకి చెక్క ఉబ్బి గీత ఇంకా దగ్గరకి అదుముకుంటుంది. వాన మంచిది.

జులై 13

స్కూలు హాల్లో కచేరీ. మైకు కూతలు పెట్టింది, కరెంటు రెండుసార్లు పోయింది, ముందు వరస పిల్లలు తోసుకున్నారు. లావు తీగ స్వరం వచ్చే చోట ఆవిడ కమాను గట్టిగా నొక్కి లాగింది. చెక్క మీద అంత బరువు పెట్టకూడదు. చేతులు చెమటలు పట్టి నా టికెట్టు ముద్దయిపోయింది.

గీత నిలిచింది. నా జిగురు సామాన్యమైనది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆగస్టు 5

వయొలినమ్మ దగ్గర ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్న శిష్యురాలు తీగల కోసం వచ్చింది. తీగలు చుట్టి ఇస్తుంటే తనే చెప్పింది.

"మేడమ్ పొద్దున ఐదింటికే మొదలుపెడుతున్నారు అంకుల్. ఒకటే స్వరం, గంటలు గంటలు. వేళ్లు పగిలి ప్లాస్టర్లు వేసుకుంటున్నారు. వద్దంటే వినరు. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చారు."

"డాక్టరేమన్నాడు?"

"ఏమీ లేదన్నాడట. ఈ వయసులో మామూలేనన్నాడట."

డాక్టరు కూడా వయసే అన్నాడు. చదువుకున్నవాడు, ఊరికే అంటాడా? పట్టుదల గల మనిషి ఆవిడ. అంత సాధన చేస్తే ఎవరికైనా మంచిదే.

ఆగస్టు 6

తీగల పొట్లం ఇచ్చేటప్పుడు శిష్యురాలు అడిగింది, "అంకుల్, వయొలిన్‌లో ఏమీ లేదు కదా?" అని. లేదన్నాను. నిన్న రాయడం మరిచిపోయాను.

సెప్టెంబర్ 14

బావమరిది భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుంటూ చెప్పాడు.

"బావా, మీ వయొలినమ్మ మానేస్తోందట. అక్టోబర్ది ఆఖరి కచేరీ. మా మేనేజరు పువ్వులు తెప్పిస్తున్నాడు, ఫోటోల ప్రదర్శన పెడుతున్నాడు. నువ్వు గొడుగు పట్టిన ఫోటో కూడా పెడతారట!"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను మంచినీళ్లు తాగాను.

అరవై రెండేళ్లు. ఎవరైనా మానేస్తారు. మా నాన్న యాభై ఎనిమిదికే కొట్టు నా చేతికిచ్చి కూర్చున్నాడు. ఇక మీదట ఎండలు, మైకులు, గట్టిగా నొక్కడాలు ఉండవు. పెట్టెలో భద్రంగా ఉంటే గీత ఇంకో యాభై ఏళ్లు అలాగే ఉంటుంది.

సెప్టెంబర్ 15

నిన్న రాసింది చదివాను. చించేద్దామనుకున్నాను. చించలేదు.

అక్టోబర్ 25

ఆఖరి కచేరీ. నేను వెళ్లిన ఆవిడ కచేరీల్లో ఐదోది. హాలు నిండిపోయి గోడల వెంట నిలబడ్డారు. గుమ్మం పక్కన ఆ ఫోటో, నా తల కన్నా పెద్దది. నలుగురు గుర్తుపట్టి చేయి కలిపారు.

ఆవిడ చివరగా, తనకి పేరు తెచ్చిన పాత అంశమే తీసుకుంది. ఆ లావు తీగ స్వరం మీదే నడుస్తుంది అది. మొదటిసారి ఆ చోటు వచ్చింది. ఆవిడ దాన్ని వదిలేసింది. కింది స్వరం నుంచి పైదానికి దాటేసింది. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఆ చోటికొచ్చి కమాను గాల్లో ఆపింది, ఒక్క క్షణం, తర్వాత పక్క నుంచి వెళ్లిపోయింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఆగడం చూసి నా పక్కనాయన, "ఆహా, అనుభవం అంటే అదీ" అన్నాడు.

జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

గీత విచ్చుకోలేదు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఫిబ్రవరి నుంచి ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

నవంబర్ 14

వయొలినమ్మ వచ్చింది. మనిషి చిక్కింది, కానీ ముఖం తేటగా ఉంది.

"వయొలిన్ మా అమ్మాయికి ఇచ్చేస్తున్నాను మేస్త్రీ" అంది. అమ్మాయంటే శిష్యురాలు. ఆవిడకి పిల్లలు లేరు. "ఊరికే చేతిలో పెడితే బాగుండదు. దాని పుట్టుపూర్వోత్తరాలు, ఎప్పుడేం చేశావు, ఇప్పుడెలా ఉంది, అన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. రేపు దానికి ఏదైనా వస్తే తెలియాలి కదా. నీ చేతిరాత ఉంటే చాలు."

"ఎంతలో కావాలమ్మా?"

"తొందరేం లేదు. నాకిప్పుడు దేనికీ తొందర లేదు." నవ్వి, వాయిద్యం నా దగ్గరే ఉంచి వెళ్లిపోయింది.

నవంబర్ 15

రాశాను. చించాను.

నవంబర్ 16

రాశాను. "పైచెక్క పరిస్థితి: మంచిది." చించాను.

నవంబర్ 18

కొట్లో చెత్తబుట్ట మా ఆవిడే ఖాళీ చేస్తుంది. ముక్కలన్నీ బల్ల మీద పేర్చి కూర్చుంది. "పైచెక్క, పైచెక్క, పైచెక్క. ఏమైంది పైచెక్కకి?"

చెప్పేశాను. పుల్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని వింది.

"వయొలినమ్మ మీద మనసుపడ్డారేమోనని ఏడాదిగా కుళ్లుకుంటున్నాను. అదైనా నయంగా ఉండేది" అంది.

నవ్వబోయాను. మా ఆవిడ నవ్వడం లేదు.

"మరి ఆవిడ వాయించడం మానేసింది దేనికి?"

దేనికో ఏప్రిల్ పంతొమ్మిది నుంచీ నాకు తెలుసు. ఆవిడ చెయ్యి తిప్పి చూసుకున్నప్పుడే తెలుసు. ఈ పుస్తకం ఎవరూ చదవరని మొదట్లోనే రాసుకున్నాను, అయినా ఇందులో కూడా ఆ మాట రాయలేదు. సిగ్గుగా ఉంది. భయం అనుకున్నాను ఇన్నాళ్లూ. సిగ్గే.

నవంబర్ 19

కాగితం రాశాను. పేజీన్నర. ఏ రోజు ఏం చేశానో, పుల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో, ఏ స్వరం మీద దాని ప్రభావం ఉంటుందో, ఏప్రిల్‌లో నన్ను అడిగినప్పుడు ఏం చెప్పానో. కింద సంతకం పెట్టాను.

నవంబర్ 21

వయొలినమ్మ పదకొండింటికి వచ్చింది. కాగితం ఇచ్చాను. కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి చదివింది. ఒకసారి అయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తిడుతుంది, కొట్టినా కొడుతుంది, అన్నిటికీ సిద్ధపడి ఉన్నాను.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. పరీక్ష పాసయ్యానా అని పిల్లలు అడిగినట్టు అడిగింది.

"బాగానే ఉందమ్మా. మొదటి నుంచీ బాగానే ఉంది."

"ఇంకో వయొలిన్ ముట్టుకోలేదు మేస్త్రీ ఈ ఏడాదంతా. అమ్మాయిది అక్కడే ఉండేది, చెయ్యి చాపితే అందేది. దాని మీద కూడా ఆ స్వరం రాకపోతే ఏం చెయ్యాలని భయం వేసేది. నువ్వు చూసి బాగుందన్నాక ఇంక అనుమానమేముంది?"

చుట్టూ చూసింది. గోడకి పిల్లలు నేర్చుకునే వయొలిన్ ఒకటి వేలాడుతోంది, ప్లైవుడ్ పలక చెక్కది, నాసిరకం. కిందికి దించి శ్రుతి చేసుకుంది. కమాను బిగించింది. అంశం ఏదీ ఎత్తుకోలేదు. లావు తీగ మీద ఆ ఒక్క స్వరం వాయించింది.

వచ్చింది. కొట్టంతా నిండేలా వచ్చింది. ఆ పలక చెక్క వయొలిన్‌కి అంత గొంతుందని నాకే తెలియదు.

ఆవిడ మళ్లీ వాయించింది. మళ్లీ. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. కళ్లు మూసుకుని, పగుళ్లు ఇంకా మానని వేలితో, ఏడుస్తూ నవ్వుతూ వాయించింది. వీధిలో నడిచేవాళ్లు ఆగి లోపలికి చూశారు. పక్క కొట్టు గడియారాల మేస్త్రి కంటికి అద్దం పెట్టుకునే బయటికొచ్చి నిలబడ్డాడు. లోపలి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది.

ఆగాక, వయొలిన్ భుజం మీద నుంచి దించకుండానే నా వైపు చూసింది.

"మళ్లీ వాయించండమ్మా" అన్నాను. "హాలువాళ్లతో నేను మాట్లాడతాను. జరిగిందంతా నేనే చెబుతాను. పైచెక్క తీసి సరిగ్గా..."

"నువ్వు దాన్ని ముట్టుకోవద్దు." నెమ్మదిగానే అంది. "వేరేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. వాయిస్తానో లేదో చూస్తాను. పువ్వులు తీసుకున్నాను, అందరికీ దణ్ణం పెట్టేశాను, మళ్లీ ఏమని వెళ్లాలో తెలియడం లేదు. అది నా బాధ, నేను పడతాను. నాకు ఒక్కటి చెప్పు. ఆఖరి రోజు నువ్వు మూడో వరసలో ఉన్నావు. ఆ చోట నేను ఆగిపోయాను. అంత హాల్లో ఎందుకు ఆగానో తెలిసినవాడివి నువ్వొక్కడివే. అప్పుడు ఏమనుకున్నావు?"

ఏదైనా చెప్పవచ్చు. గుండె తరుక్కుపోయిందమ్మా అనవచ్చు. గుమ్మంలో మా ఆవిడ చూస్తోంది.

"గీత విచ్చుకోలేదు, బతికిపోయాను అనుకున్నాను" అన్నాను.

ఆవిడ తల ఊపింది. పిల్లల వయొలిన్‌ని తుడిచి గోడకి తగిలించింది. కమాను బిగువు సడలించి, రెండు చేతులతో నా చేతికిచ్చింది. తన పెట్టె, నా కాగితం తీసుకుని వెళ్లిపోయింది.